మొదటి ట్రయథ్లాన్‌: ముందు నీళ్లలో ఆగడం నేర్చుకోండి

ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీ ట్రయథ్లాన్. "ట్రయథ్లాన్ చేయాలని ఉందండీ, కానీ చెరువులో, సముద్రంలో ఈదాలంటేనే భయం" అని నన్ను అడిగేవాళ్లలో రెండు రకాలవాళ్లు కనిపిస్తారు. చిన్నప్పుడు ఊళ్లో నడుముకి సొరకాయ బుర్రో, బెండో కట్టుకుని బావిలో, కాలువలో ఈత నేర్చుకున్నవాళ్లు కొందరు. వీళ్లకి లోతన్నా, అడుగు కనిపించని నీళ్లన్నా బెరుకుండదు. కానీ తల పైకెత్తే ఈదుతారు కాబట్టి నడుము కిందికి జారి, వంద మీటర్లకే మెడ పట్టేసి ఆయాసం వచ్చేస్తుంది. పెద్దయ్యాక కోచ్ దగ్గర పూల్‌లో నేర్చుకున్నవాళ్లు మిగతావాళ్లు. వీళ్ల ఫ్రీస్టైల్, అంటే ముఖం నీళ్లలో పెట్టి చేతులు మార్చి మార్చి వేసే ఈత, చక్కగా ఉంటుంది. చేతికందేంత దూరంలో గోడ లేకపోతే మాత్రం గుండె దడదడలాడుతుంది.

నేను రెండో రకం. పూల్‌లో ఆగకుండా కిలోమీటరు ఈదగలిగాక, ఇక సమస్యేముందని ఒక జలాశయంలో ప్రాక్టీసుకి దిగాను. ఒడ్డు నుంచి అరవై మీటర్లు కూడా పోలేదు. పచ్చటి నీళ్లలో నా చెయ్యే నాకు కనిపించలేదు, కాలికి నాచు తీగ తగిలింది, అంతే. ఊపిరి పైపైనే ఆడడం మొదలైంది. తల ఎత్తి ఒడ్డు వైపు చూస్తే కిలోమీటరు దూరంలో ఉన్నట్టు అనిపించింది. పక్కన తెప్ప మీద ఉన్న జాలరి గట్టిగా అన్నాడు: "సార్, వెల్లకిలా తిరగండి. ఆకాశం చూడండి. నేనెక్కడికీ పోను." తిరిగాను. రెండు నిమిషాల్లో ఊపిరి దారికొచ్చింది. ఆ రోజు ఇంకో నాలుగు వందల మీటర్లు ఈదాను కూడా. కోచ్‌లు నెలల తరబడి నాకు ముందుకి వెళ్లడం నేర్పారు. నీళ్లలో ఆగడం మాత్రం ఆయన నేర్పాడు.

ఈ మార్గదర్శి అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. సైక్లింగ్, రన్నింగ్ గురించి అవసరమైనంతే చెప్తాను, ఎందుకంటే సైకిల్ మీద అలిసిపోతే పక్కకి తీసి ఆపొచ్చు, పరుగులో అలిసిపోతే నడవొచ్చు. నీళ్లలో ఆగడమెలాగో తెలియకపోతే ఆగలేం.

ఏ పోటీ ఎంచుకోవాలి

ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి, మధ్యలో గడియారం ఆగకుండా. 1974 సెప్టెంబర్‌లో అమెరికాలోని శాన్‌డియెగోలో మిషన్ బే దగ్గర మొదలైన ఈ ఆట 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరింది. దూరాలు ఇలా ఉంటాయి. స్ప్రింట్: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరం దానికి సరిగ్గా రెట్టింపు. హాఫ్ ఐరన్‌మ్యాన్ అని పిలిచే 70.3లో ఈత 1.9 కిలోమీటర్లు, సైకిల్ 90, పరుగు 21.1. పూర్తి ఐరన్‌మ్యాన్‌లో 3.8, 180, 42.2.

మనవాళ్లలో చాలామంది ఈ ఆట పేరు మొదటిసారి గోవా 70.3తోనే వింటారు. 2019 నుంచి పణజీ దగ్గర మీరామార్ బీచ్‌లో జరుగుతోంది, హైదరాబాద్ నుంచి చాలామంది వెళ్తారు. అది మంచి లక్ష్యమే, కానీ మొదటి మెట్టుగా వద్దు. ముందు ఒక స్ప్రింట్ చేయండి. వీలైతే ఈత పూల్‌లో ఉండే స్ప్రింట్ ఒకటి, తర్వాత ఓపెన్ వాటర్, అంటే చెరువులోనో సముద్రంలోనో ఈదే స్ప్రింట్ ఒకటి. పెద్ద పోటీల్లో రిలే విభాగం కూడా ఉంటుంది, ముగ్గురూ తలా ఒక భాగం చేస్తారు. సముద్రాన్ని దగ్గర్నుంచి చూడాలంటే రిలేలో ఈత తీసుకోవడం ఒక దారి.

ఫీజు కట్టే ముందు నిర్వాహకుల్ని ఈ ప్రశ్నలు అడగండి: నీళ్లలో ఎన్ని కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు), పడవలు ఉంటాయి? లైఫ్‌గార్డులు ఎంతమంది? అంబులెన్స్ ఒడ్డునే ఉంటుందా? ఈతకి కటాఫ్, అంటే ముగించి తీరాల్సిన సమయం ఎంత? పోటీ ముందు రోజు నీళ్లలో దిగి చూడనిస్తారా? జవాబు తడబడితే ఆ పోటీ వదిలేయండి.

డాక్టర్ దగ్గరికి ఒకసారి

ఇది లాంఛనం అనుకోకండి. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్‌లలో జరిగిన 135 మరణాలు, గుండె ఆగిపోయిన ఘటనల్ని పరిశీలిస్తే 90 ఈత సమయంలోనే జరిగాయి. బాధితుల్లో ఎక్కువమంది నడివయసు మగవాళ్లు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లున్నవాళ్లు, ఎప్పుడైనా పరిగెడుతూ కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు డాక్టర్‌కి "నేను ట్రయథ్లాన్‌కి ట్రైనింగ్ మొదలుపెడుతున్నాను" అని స్పష్టంగా చెప్పి పరీక్షలు చేయించుకోండి. జిమ్‌కి వెళ్తున్నానంటే ఆయన వేరేగా ఆలోచిస్తారు.

పదహారు వారాల లెక్క

ఆగకుండా రెండు వందల మీటర్లు ఈదగలిగి, అరగంట చురుగ్గా నడవగలిగితే స్ప్రింట్‌కి పదహారు వారాలు సరిపోతాయి. అస్సలు ఈత రాకపోతే ముందు మూడు నెలలు ఈతకే ఇచ్చి, ఆ తర్వాత ఈ లెక్క మొదలుపెట్టండి.

ఉద్యోగం చేసేవాళ్లకి నేను చెప్పే వారం ఇది. సోమవారం విశ్రాంతి. మంగళవారం ఈత. బుధవారం పరుగు. గురువారం గంటలోపు సైకిల్. శుక్రవారం ఈత. శనివారం చిన్న పరుగు, లేదా మూడో ఈత. ఆదివారం పెద్ద సైకిల్ రైడ్, అది దిగగానే కాసేపు పరుగు. మొత్తం వారానికి ఐదారు గంటలు. మూడు వారాలు కొంచెం కొంచెంగా పెంచి, నాలుగో వారం తగ్గించండి. ఇంట్లో పెళ్లో, ఆఫీసులో డెడ్‌లైనో వచ్చి నాలుగు రోజులు పోతే, అవి పూడ్చుకోవాలని ఒకే వారంలో రెట్టింపు చేయొద్దు. మోకాళ్లు, పిక్కలు దెబ్బతినేది అప్పుడే.

మొదటి నాలుగు వారాలు పూల్‌లో ఊపిరి. ఐదు నుంచి పది వరకు దూరం. పదకొండు నుంచి పద్నాలుగు వరకు ఓపెన్ వాటర్. పదిహేనో వారం ఒక రిహార్సల్. పదహారో వారం సగానికి తగ్గించి నిద్ర పెంచడం.

పూల్‌లో: ముందు ఊపిరి వదలడం

ఈతలో ఆయాసానికి గాలి చాలకపోవడమే కారణమని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం లోపలి గాలి బయటికి పోకపోవడం. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టేస్తాం. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ఊపిరి కావాలన్న ఆత్రం పెరుగుతుంది. తల తిప్పిన ఆ ఒక్క క్షణంలో పాత గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండూ కుదరవు. పావు వంతు పీల్చి మళ్లీ ముంచేస్తాం. నాలుగు సార్లు ఇలా అయ్యేసరికి ఒంట్లో టెన్షన్ మొదలవుతుంది.

దీనికి మందు బుడగలు. ఛాతీ లోతు నీళ్లలో నిలబడి, ముఖం ముంచి, ముక్కుతోనూ నోటితోనూ నెమ్మదిగా, ఆగకుండా గాలి వదలండి. తల తిప్పి పీల్చండి. మళ్లీ ముంచండి. ఇలా యాభై సార్లు. చిన్నపిల్లల పాఠంలా ఉందని వదిలేయొద్దు, ప్రతి ఈత సెషన్‌ని దీంతోనే మొదలుపెట్టండి. తర్వాత ఈదుతూ అదే పద్ధతి. ఊపిరికి తల పైకి లేపకండి, పక్కకి తిప్పండి, ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి. తల లేస్తే కాళ్లు మునుగుతాయి. కాలువ ఈత వచ్చినవాళ్లు మానుకోవలసిన అలవాటు ఇదొక్కటే, మిగతా ధైర్యమంతా వాళ్ల దగ్గర ముందే ఉంది.

ఈత నాలుగైదు వారాల్లో కుదురుకున్నాక ఆగడం నేర్చుకోవాలి. పూల్ లోతైన వైపు, లైఫ్‌గార్డ్ చూస్తుండగా మూడు పనులు చేయండి.

మొదటిది వెల్లకిలా తేలడం. చెవులు నీళ్లలో మునగనివ్వండి, గడ్డం ఆకాశం వైపు, పొట్ట పైకి, చేతులు చాచి. కాళ్లు కిందికి దిగిపోతుంటే పాదాల్ని మెల్లగా ఆడిస్తే చాలు. కాళ్లు, చేతులు వదులుగా ఉన్నంతసేపు నీళ్లే మోస్తాయి. ఛాతీ నిండా గాలి ఉంటే ఇంకా సులువు. కనీసం మూడు నిమిషాలు అలా ఉండగలగాలి. సముద్రంలో ఉప్పు వల్ల ఇంకా తేలిగ్గా తేలుతారు.

రెండోది నిలువుగా ఉండి కాళ్లతో నీళ్లని తొక్కుతూ చుట్టూ చూడటం. గాగుల్స్‌లోకి నీళ్లొస్తే ఇలాగే ఆగి సరిచేసుకుంటారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. యాభై మీటర్లు వేగంగా ఈది, ఊపిరి ఎగిరిపడుతుండగా మధ్యలో గోడ పట్టుకోకుండా వెల్లకిలా తిరిగి, పదిహేను ఊపిరులు తీసుకుని, మళ్లీ బోర్లా తిరిగి ఈదడం కొనసాగించడం. ఆయాసంలో ఆగడం, ఆగాక మళ్లీ మొదలుపెట్టడం. ప్రతి సెషన్‌లో నాలుగు సార్లు చేయండి. రెండు నెలలు చేస్తే ఒంటికి అలవాటైపోతుంది, భయం వచ్చినప్పుడు ఒళ్లే తిరుగుతుంది.

అపార్ట్‌మెంట్ పూల్ నాలుగు అడుగుల లోతు, పదిహేను మీటర్ల పొడవు ఉంటే బుడగల వరకు పనికొస్తుంది. ఆ తర్వాత పెద్ద పూల్ కావాలి. హైదరాబాద్‌లో గచ్చిబౌలి స్టేడియం దగ్గర యాభై మీటర్ల పూల్ ఉంది. అందులో 750 మీటర్లంటే పదిహేను సార్లు, పాతిక మీటర్ల పూల్‌లో ముప్పై సార్లు. పోటీకి నెల ముందుకల్లా వెయ్యి మీటర్లు ఆగకుండా, ఎంత నెమ్మదిగానైనా సరే, ఈదగలగాలి. కాళ్లతో తక్కువ కొట్టండి. ఆ కాళ్లతోనే సైకిల్ తొక్కాలి, పరిగెత్తాలి.

ఆడవాళ్లు కొందరు బట్టల గురించి మొహమాటపడి ఈ ఆటకే దూరమవుతున్నారు. మోకాళ్ల వరకో, మడమల వరకో ఉండే పూర్తి స్విమ్ సూట్లు దొరుకుతాయి, చాలా పూల్స్‌లో లేడీస్ బ్యాచ్ ఉంటుంది. మూడు భాగాలకీ ఒకే డ్రస్సుగా పనికొచ్చే ట్రై సూట్లలో పొట్టి చేతులవీ ఉన్నాయి. ఏది వేసుకోవచ్చో పోటీవాళ్లని ముందే అడిగి, ఆ డ్రస్సులోనే ప్రాక్టీసు చేయండి.

దారి చూసుకోవడం

పూల్ అడుగున నల్లగీత ఉంటుంది. చెరువులో ఉండదు. మనలో చాలామందికి ఒక చెయ్యి రెండోదానికంటే బలంగా లాగుతుంది, నేరుగా పోతున్నామనుకుంటూ పక్కకి పోతాం. మీరు ఎటు పోతారో తెలుసుకోవాలంటే, పూల్‌లో పక్కన ఎవరూ లేనప్పుడు కళ్లు మూసుకుని పది చేతులు వేసి చూడండి.

దారి చూడటానికి తలంతా ఎత్తొద్దు. మొసలిలా కళ్లు మాత్రమే నీటి పైకి తెచ్చి, ముందుకి చూసి, వెంటనే తల పక్కకి తిప్పి ఊపిరి తీసుకోండి. ఆరు నుంచి ఎనిమిది చేతులకి ఒకసారి. చూసినప్పుడు ఏమీ కనిపించకపోతే ఆగిపోకండి, అల అడ్డొచ్చి ఉంటుంది, ఇంకో రెండు చేతుల తర్వాత మళ్లీ చూడండి. దారి చూపడానికి నీళ్ల మీద తేలేలా కట్టే రంగు బోయాలు నీటి మట్టంలో చిన్నగా కనిపిస్తాయి. అందుకే వాటి వెనక ఒడ్డు మీద ఎత్తుగా ఉన్నదేదైనా ముందే గుర్తుపెట్టుకోండి: గుడి గోపురం, సెల్ టవర్, ఒంటరి తాటిచెట్టు.

సూర్యుడు ఎటున్నాడో కూడా లెక్కే. విశాఖలో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, కాబట్టి లోపలికి ఈదేటప్పుడు ఎండ కళ్లలో పడుతుంది. గోవాలో సముద్రం పడమర, వెళ్లేటప్పుడు ఎండ వీపు మీద, తిరిగొచ్చేటప్పుడు ఎదురుగా. ముదురు రంగు అద్దాల గాగుల్స్ ఒకటి, రంగు లేని అద్దాలవి ఒకటి దగ్గరుంచుకోండి.

ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగకూడదు

హుస్సేన్ సాగర్ పడవలకే గానీ ఈతకి కాదు, ఆ నీళ్లు అంత శుభ్రంగా లేవు. గండిపేటగా మనం పిలుచుకునే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ తాగునీటి జలాశయాలు, వాటిలో దిగొద్దు. క్వారీ గుంతలు అందంగా కనిపిస్తాయి, కానీ ఒడ్డు నిటారుగా ఉంటుంది, ఎక్కడానికి పట్టు దొరకదు. కృష్ణా, గోదావరుల్లో డ్యామ్ కింద, బ్యారేజీ దగ్గర ఎప్పుడు నీళ్లు వదులుతారో తెలియదు. వానలు పడి కొత్త నీళ్లొచ్చిన వారంలో ఏ చెరువులోనూ దిగకండి: కొట్టుకొచ్చిన కొమ్మలు ఉంటాయి, పశువుల మూత్రంతో కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం రావొచ్చు, ఒంటి మీద పుండ్లు, గాయాలుంటే మరీ.

మరి ఎక్కడ? పోటీలకి శిక్షణ ఇచ్చే బృందాలు అనుమతి తీసుకుని, పడవ పెట్టుకుని వెళ్లే చోటికే. ఒక్కరే ఎప్పుడూ వద్దు, స్నేహితుడు ఒడ్డున కూర్చుంటే చాలదు. పక్కన తెప్పో కయాకో ఉండాలి, అందులో ఆ నీళ్లు తెలిసిన మనిషి ఉండాలి. స్థానిక జాలర్లకి ఏ పొద్దున ఏ గాలి వీస్తుందో, ఎక్కడ ఊబి ఉందో తెలుస్తుంది. వాళ్లకి సరైన కూలి ఇచ్చి పిలవండి. ముదురు నారింజ రంగు టోపీ పెట్టుకోండి, నడుముకి కట్టుకునే గాలి బుడగ ఒకటి కొనండి. అది వెనకే తేలుతూ వస్తుంది, దూరం నుంచి కనిపిస్తుంది, అవసరమైతే పట్టుకోవచ్చు. ఖరీదైన సైకిల్ కంటే ముందు కొనాల్సిన వస్తువు ఇది.

సముద్రం సంగతి వేరు. విశాఖ ఆర్కే బీచ్‌లో స్నానానికి దిగి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉంటాం. అక్కడ లోతు హఠాత్తుగా పెరుగుతుంది, లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ దగ్గర కూడా లైఫ్‌గార్డులు చూపించిన హద్దులోనే ఉండాలి.

ఆ లాగుడు ఎలా పుడుతుందో తెలుసుకుంటే సగం భయం పోతుంది. అలలు నీళ్లని ఒడ్డుకి తెస్తూనే ఉంటాయి. ఆ నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోవాలి. ఇసుక తక్కువ ఎత్తున్న చోట ఒక సన్నటి కాలువలా ఏర్పడి, అందులోంచి వేగంగా పోతాయి. పైకి చూస్తే అక్కడ అలలు విరగవు, చుట్టుపక్కల కంటే ప్రశాంతంగా ఉంటుంది. అందుకే ఈత రానివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. రంగు ముదురుగా ఉండటం, నురగ లోపలికి పోతుండటం దాని గుర్తులు. అది మనల్ని అడుక్కి లాగదు, దూరంగా లాగుతుంది. ఒడ్డు వైపు ఎదురీదితే బలమంతా అయిపోతుంది. తేలుతూ ఉండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. లాగుడు వదిలాక అలలతో పాటు ఏటవాలుగా ఒడ్డుకి రండి. పక్కకి కూడా పోలేకపోతే తేలుతూ చెయ్యి ఎత్తి పిలవండి.

జెల్లీ చేప తగిలితే చురుక్కుమంటుంది, గీతలు తేలతాయి. రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు, సముద్రపు నీళ్లతోనే కడిగి వైద్య శిబిరానికి వెళ్లండి. ముఖం వాచినా, ఊపిరి ఇబ్బందైనా ఆసుపత్రికే.

నీళ్లలోకి ఐదు రోజులు

మొదటి రోజు ఈదొద్దు. నడుము లోతులో పది నిమిషాలు బుడగలు, పది నిమిషాలు వెల్లకిలా తేలడం. అడుగు కనిపించదు, చేతికి ఏదో తగులుతుంది. అవన్నీ అలవాటు కావాలి. ఇంటికి వెళ్లిపోండి. ఇంత దూరం వచ్చి ఇంతేనా అనిపిస్తుంది, ఇంతే.

రెండో రోజు ఒడ్డుకి సమాంతరంగా, ఛాతీ లోతులోనే, వంద మీటర్లు అటు, వంద ఇటు. ఎప్పుడు కావాలంటే అప్పుడు నిలబడొచ్చని తెలిసి ఈదడం. ప్రతి యాభై మీటర్లకి ఒకసారి వెల్లకిలా తిరగండి, భయం లేకపోయినా తిరగండి.

మూడో రోజు లోతులోకి యాభై మీటర్లు వెళ్లి, అక్కడ ఆగి రెండు నిమిషాలు తేలి, తిరిగి రండి. తర్వాత వంద. తర్వాత నూట యాభై. పడవ చేతికందేంత దూరంలో ఉండాలి.

నాలుగో రోజు నలుగురితో కలిసి. పోటీలో పక్కవాళ్ల చేతులు తగులుతాయి, ముందువాళ్ల కాలు ముఖానికి తగలొచ్చు. స్నేహితులతో కావాలని దగ్గర దగ్గరగా ఈదండి, బోయా చుట్టూ మలుపు తిరగండి. పూల్‌లో ఒకే లేన్‌లో నలుగురు ఈదినా ఇది కొంత వస్తుంది.

ఐదో రోజు మొత్తం దూరం, దాని మీద ఇంకో పావు వంతు. ఐదు రోజులంటే వరసగా ఐదు కాదు, నాలుగు వారాల్లో. ఒక మెట్టు దగ్గర గుండె దడ తగ్గకపోతే అదే మెట్టు మళ్లీ చేయండి. నేను రెండో మెట్టు మూడు సార్లు చేశాను.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగువాళ్లకి ఇంకో విషయం ఉంది, చలి. చన్నీళ్లలో దిగగానే ఊపిరి ఎగపోతుంది, అది ఒంటి సహజ స్పందన. ఒకటి రెండు నిమిషాలు తేలుతూ ఉంటే సర్దుకుంటుంది, అప్పటిదాకా ఈత మొదలుపెట్టొద్దు. అక్కడ వెట్‌సూట్, అంటే చలి ఆపే బిగుతైన రబ్బరు డ్రస్సు వేసుకుంటారు, అది తేలిగ్గా తేల్చుతుంది కూడా, కానీ ఛాతీ బిగుతుగా అనిపిస్తుంది, పోటీ రోజే మొదటిసారి వేసుకోకండి. మన సముద్రాల్లో దాని అవసరం లేదు. వరల్డ్ ట్రయథ్లాన్ నియమాల్లో 1500 మీటర్ల లోపు ఈతకి నీళ్లు 22 డిగ్రీలు దాటితే మామూలు పోటీదారులకి వెట్‌సూట్ అనుమతి లేదు. మన దగ్గర నీళ్లు అంతకంటే వెచ్చగానే ఉంటాయి.

ఒక హెచ్చరిక. ఈదుతుండగా ఊపిరి అందక, దగ్గు తెరలుగా వచ్చి, గులాబీ రంగు నురగలాంటి కఫం పడితే అది టెన్షన్ కాదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని గుర్తు. వెంటనే చెయ్యి ఎత్తండి, బయటికొచ్చి వైద్యం తీసుకోండి. ఛాతీలో నొప్పి వచ్చినా అంతే.

సైకిల్, పరుగు

మొదటి స్ప్రింట్‌కి మీ ఇంట్లో ఉన్న గేర్ సైకిల్ చాలు. సీటు ఎత్తు సరిచేసుకోండి: పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి. బ్రేకులు, టైర్లు సరిగ్గా ఉండాలి, హ్యాండిల్ చివర్ల మూతలు ఊడిపోయి ఉండకూడదు, పంక్చర్ వేసుకోవడం ఇంట్లోనే నాలుగు సార్లు ప్రాక్టీసు చేయాలి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన, సోలార్ కప్పు ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కొత్తవాళ్లకి వరం, లారీల భయం లేదు. విశాఖవాళ్లకి తెల్లవారుజామున భీమిలి రోడ్డు ఉంది. కుక్కలు వెంటపడితే వేగం పెంచొద్దు, దిగి సైకిల్‌ని మధ్యలో పెట్టుకుని నడవండి.

సైకిల్ దిగగానే పరిగెడితే కాళ్లు మనవి కావనిపిస్తాయి. దీన్ని ప్రాక్టీసు చేయడాన్నే బ్రిక్ అంటారు. ఆదివారం రైడ్ తర్వాత ముందు పది నిమిషాలు, తర్వాత ఇరవై. అడుగులు చిన్నవిగా వేస్తే మొదటి కిలోమీటరులోనే కాళ్లు దారికొస్తాయి. మిగతా పరుగులో ఐదు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడకతో మొదలుపెట్టి నెమ్మదిగా నడక తగ్గించండి.

పోటీ ముందు రోజు, ఆ రోజు

ముందు రోజు వీలుంటే నీళ్లలో దిగండి, బోయాలు ఎటు, ఒడ్డు మీద గుర్తులేంటి చూడండి. రాత్రి వేపుళ్లు, కొత్త హోటల్ భోజనం వద్దు. పెరుగన్నం, పప్పన్నం లాంటి అలవాటైన తిండి. పొద్దున స్టార్ట్‌కి రెండున్నర, మూడు గంటల ముందు మూడు నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండు. గంట దాటే శ్రమకి గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఖర్జూరాలు, చిక్కీ, గ్లూకోజ్ నీళ్లు, ప్యాకెట్లలో దొరికే ఎనర్జీ జెల్‌లు, ప్రాక్టీసులో ఏది కడుపుకి పడిందో అదే తీసుకోండి. మెడ వెనక, చంకల్లో వాజెలిన్ రాసుకోండి, ఉప్పునీళ్లలో ఒరుసుకుపోతుంది.

ట్రాన్సిషన్ అంటే సైకిళ్లు పెట్టే చోటు. తువ్వాలు పరిచి, వేసుకునే వరసలోనే వస్తువులు పెట్టండి: హెల్మెట్ హ్యాండిల్ మీద, బెల్టు తెరిచి, కళ్లద్దాలు, బూట్లు, పోటీ నెంబరు తగిలించుకునే నడుము బెల్టు. మీ సైకిల్ ఎన్నో వరసలో ఉందో ఈత వైపు నుంచి నడిచి గుర్తుపెట్టుకోండి. హెల్మెట్ బెల్టు పెట్టుకున్నాకే సైకిల్ ముట్టుకోవాలి, తిరిగి స్టాండ్‌లో పెట్టాకే తీయాలి. ట్రాన్సిషన్ బయట నేల మీద ఉండే గీత దాటాకే సైకిల్ ఎక్కాలి, తిరిగొచ్చేటప్పుడు గీతకి ముందే దిగాలి. ముందువాళ్ల వెనక అతుక్కుని తొక్కడం చాలా పోటీల్లో నిషేధం.

ఈత మొదలయ్యే ముందు తప్పకుండా నీళ్లలో దిగి ఐదు నిమిషాలు ఈదండి. చల్లటి ఒంటితో, పొడి ముఖంతో ఒక్కసారిగా దూకితే మొదటి వంద మీటర్లలోనే భయం పట్టుకుంటుంది. గుంపులో వెనక, ఒక అంచున నిలబడండి. హారన్ మోగాక పది లెక్కపెట్టి కదలండి. ఆ పది సెకన్లకి మీరు కోల్పోయేదేమీ లేదు. మొదటి రెండు వందల మీటర్లు పూల్‌లో వార్మప్‌కంటే కూడా నెమ్మదిగా, ప్రతి రెండు చేతులకి ఒక ఊపిరితో.

దడ వస్తే, చాలామందికి వస్తుంది, వెల్లకిలా తిరగండి. పదిహేను ఊపిరులు. తర్వాత కప్ప ఈతతో పది మీటర్లు, తర్వాత ఫ్రీస్టైల్. ఏ ఈతైనా నియమాలకి అడ్డు కాదు. కయాక్ పట్టుకుని సేద తీరొచ్చు, దాన్ని పట్టుకుని ముందుకి పోకూడదు, అంతే. ఆపేయాలనిపిస్తే చెయ్యి నిలువుగా ఎత్తి ఊపండి.

ఒడ్డు దగ్గర చేతులు నేలకి తగిలేదాకా ఈదండి, తొందరపడి నిలబడితే మెత్తటి ఇసుకలో కాళ్లు దిగుతాయి. పడుకున్న ఒళ్లు ఒక్కసారి లేచేసరికి తల తిరుగుతుంది, నాలుగు అడుగులు నడిచాకే పరిగెత్తండి. సైకిల్ మీద మొదటి పది నిమిషాలు తేలిక గేర్‌లో తొక్కుతూ నీళ్లు తాగండి. చివరి కిలోమీటరు మళ్లీ తేలిక గేర్. పరుగులో ప్రతి నీళ్ల టేబుల్ దగ్గరా నడుస్తూ తాగండి, తల మీద కొంచెం పోసుకోండి.

ముగిశాక వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నడవండి, ఓఆర్ఎస్ తాగండి, అరగంటలో ఏదైనా తినండి. గాగుల్స్, ట్రై సూట్ మంచినీళ్లలో జాడించండి. సముద్రపు ఒడ్డున జరిగిన పోటీ అయితే సైకిల్ చైన్, గేర్లు ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె వేయండి. ఉప్పుగాలికి రెండు రోజుల్లో తుప్పు పడుతుంది.